కుడి గడిలో రాయని సంగతి

ఉద్యోగం ఏమిటంటే

అబిడ్స్‌లోని ఒక మొబైల్ దుకాణం రెండో అంతస్తులో, కిటికీ లేని చిన్న గదిలో కూర్చొని, తక్కువ ధర ఫోన్లను పరీక్షించి వాటి మంచిచెడ్డలు కార్డు మీద రాయడం పదమూడేళ్లపాటు నా ఉద్యోగం. కింది అంతస్తులో ఉన్నవారంతా అమ్మేవారు. ఆ దుకాణంలో ఏమీ అమ్మని ఉద్యోగిని నేనొక్కడినే. ఆ తేడా నాకు కొంత గర్వం కలిగించేది. ఆ గర్వం చివరికి నన్ను ఎక్కడ నిలబెట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇదే పనిలోకి కొత్తగా వస్తున్న యువకులు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి మెలకువలు చెప్పమంటారు. మెలకువలు ఒక పూటలో నేర్చుకోవచ్చు. నా జీతం ఎలా పెరిగింది, ఎవరు సన్మానించారు వంటి సంగతులతో మీకు పని లేదు. నా ఇద్దరు యజమానులు, నేను చేసిన ఒక పెద్ద తప్పు, ఆ తప్పు ఎవరి మీద పడిందో ఆ మనిషి గురించి మాత్రమే రాస్తాను. చదివాక ఈ పనిలోకి రావాలనిపించకపోతే నేను మిమ్మల్ని తప్పుపట్టను.

ముందుగా చవక ఫోను స్వభావం తెలుసుకోవాలి. తయారు చేసేవాడి చేతిలో ఉన్నది ఒకటే పిండిముద్ద. ఒకచోట పెంచాలంటే ఇంకొకచోట గిల్లాలి. బ్యాటరీ పెద్దదైతే బరువు పెరుగుతుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. తెర వెడల్పయితే వెలుతురు తగ్గుతుంది. వెనుక కెమెరాకు పెట్టె మీద పెద్ద అంకె వేయాలంటే ముందు కెమెరాకు మిగిలిన నాసిరకం సరిపెట్టాలి. ఇంతవరకు ఇందులో మోసం ఏమీ లేదు. కోత ఎక్కడ పెట్టారన్నదే ప్రశ్న. కొనేవాడు దుకాణంలో నిలబడే ఆ కొద్ది నిమిషాల్లో అతని కన్ను పడని చోట పెడతారు. ఇంటికి వెళ్లాక, నెల గడిచాక, అవసరం మీదికి వచ్చిన నాడు ఆ కోత బయటపడుతుంది. దానిని ముందే వెతికి చెప్పడమే మన పని. ఇంతకు మించి ఈ వృత్తిలో రహస్యమేమీ లేదు.

పెద్ద సేఠ్

నేను డిప్లొమా చదివినవాడిని. ఈ దుకాణానికి రాకముందు, టీవీలు తయారుచేసే ఒక కర్మాగారంలో తనిఖీ విభాగంలో పనిచేశాను. కర్మాగారం మూతపడింది. పాతబస్తీ నుంచి ఒక తరం కిందట గన్‌ఫౌండ్రీకి వచ్చి స్థిరపడిన వ్యాపార కుటుంబం ఒకటి అబిడ్స్‌లో దుకాణం పెట్టి, వస్తువు తెలిసిన మనిషి కోసం వెతుకుతుంటే నేను దొరికాను. ఆ యజమానిని అందరూ పెద్ద సేఠ్ అనేవారు. ఆయన నన్ను ‘ఇంజనీర్ సాబ్’ అనేవాడు.

కార్డు ఆలోచన నాది. అరచేయంత కాగితం మధ్యలో ఒక గీత. ఎడమ గడిలో ఆ ఫోను ఇచ్చేది, కుడి గడిలో అది తగ్గించినది. కార్డు ఫోను పక్కనే నిలబెట్టి ఉండాలి. మొదటి పది కార్డులు రాసి గర్వంగా తీసుకువెళ్లాను. సేఠ్ కళ్లద్దాలు పెట్టుకొని ఒక కార్డు అటూ ఇటూ తిప్పాడు.

“ఇంజనీర్ సాబ్, గిది ఎవరికోసం రాసిన్రు? మిషన్‌కా, మనిషికా?”

“కొనేవారికే.”

“గట్లనా,” అని ద్వారం దగ్గర స్టూలు మీద కూర్చునే కాపలాదారు నర్సింహను పిలిచాడు. “నర్సింహ, జర గీడికి రా. సాబ్ చదువుతడు, ఇను.”

నేను కుడి గడి చదివాను. ప్రాసెసర్ తరం, తెర పౌనఃపున్యం, మెమరీ వేగం. నర్సింహ చేతులు కట్టుకొని మర్యాదగా విన్నాడు.

“ఏం సమజైంది?” అన్నాడు సేఠ్.

“సార్ మస్తు సదువుకున్నడని సమజైంది,” అన్నాడు నర్సింహ.

సేఠ్ నవ్వలేదు. కార్డులు నా చేతికి తిరిగి ఇచ్చి, “నర్సింహకు సమజయ్యేదాంక రాయున్రి. ఆయినకు సమజైతె షహర్ మొత్తానికి సమజైతది,” అన్నాడు. వారం రోజులు రాసి కొట్టేసి, కొట్టేసి రాశాను. ‘వానలో తడిస్తే పాడవుతుంది.’ ‘రెండేళ్లకు మందగిస్తుంది.’ ‘ఎండలో తెర కనబడదు.’ నర్సింహ తల ఊపిన తర్వాతే కార్డు కిందికి వెళ్లేది. ఆ పద్ధతి మా దుకాణంలో చాలా ఏళ్లు నడిచింది.

కుడి గడి చదివి కొనకుండా వెళ్లిపోయినవారు ఎందరో ఉన్నారు. అమ్మేవారు నా మీద గుర్రుగా ఉండేవారు. ఒకరోజు ఒకాయన మూడు కార్డులు వరుసగా చదివి, చేతులు దులుపుకొని బయటికి నడిచాడు. అమ్మకాల మనిషి సేఠ్ ముందే, “సాబ్ కార్డులు రాస్తున్నడా, గిరాకీని గెదుముతున్నడా?” అన్నాడు. సేఠ్ గల్లా దగ్గరి నుంచి లేవకుండానే, “పోనియ్. పొయ్యి నాలుగు దుకాండ్లు తిరుగుతడు. యాడ గూడ చెడ్డ చెప్పరు. గప్పుడు మల్ల మన దగ్గర్కే వస్తడు,” అన్నాడు. ఆయన అన్నట్టే కొందరు వచ్చారు. అందరూ రాలేదు. రానివారి గురించి సేఠ్ ఎన్నడూ నన్ను అడగలేదు. అటువంటి యజమాని ఒకరికి జీవితంలో ఒక్కసారి దొరకడమే ఎక్కువ. మీకు దొరకకపోవచ్చు. దొరుకుతాడని నమ్మి ఈ పనిలోకి రావద్దు.

ఒకే కుర్చీ, ఒకే దీపం

నా గదిలో అన్నీ క్రమంలో ఉండేవి. పొడవాటి బల్ల, తలపైన ఒక ట్యూబ్‌లైటు, తెల్లటి గోడ, ఆ గోడకు ఆనించి ఒక కుర్చీ. ప్రతి ఫోనునూ పూర్తిగా ఛార్జి చేసి, తెర వెలుతురు సగానికి పెట్టి, అదే కుర్చీలో అదే దూరాన కూర్చొని పరీక్షించేవాడిని. ముందు కెమెరా పరీక్షకు ముఖం నాదే. కర్మాగారంలో నేర్చుకున్న నియమం అది. పరిస్థితులు మారితే పోలిక చెడుతుంది. ఒక ఫోనును పగటి వెలుతురులో, ఇంకొకదానిని దీపం కింద చూస్తే రెండింటిలో ఏది మేలో చెప్పలేము.

ఈ నియమంలో తప్పు లేదని ఇప్పటికీ అంటాను. అయితే దాని హద్దు నాకు తెలియలేదు. ఆ గదిలో నేను ఫోన్లకు న్యాయం చేశాను. ఒక్క ఫోనుకైనా అన్యాయం జరిగిందని ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు. వాటిని కొని బయటికి పట్టుకెళ్లే మనుషులు ఎక్కడ నిలబడతారో, ఏ వేళ నిలబడతారో ఆ గదిలో ఎక్కడా రాసి లేదు.

యాదమ్మ

నేను ఉద్యోగం మానడానికి సుమారు ఒక ఏడాది ముందు, నర్సింహ ఒకామెను మెట్లెక్కించి నా గదికి తీసుకువచ్చాడు. నలభై దాటిన వయసు, ఎండకు కమిలిన నల్లటి ముఖం. పేరు యాదమ్మ. దేవరకొండ వైపు పల్లె. బోరు ఎండిపోయి, ఉన్న ముక్క పొలం పడావు పడితే నగరానికి వచ్చింది. నాంపల్లి స్టేషన్ ముందు రోడ్డు ఊడ్చే పని. భర్త సెంట్రింగు మీది నుంచి పడి నడుము విరిగి ఇంట్లో ఉన్నాడు. ఇల్లు గడిచేది ఈమె చీపురు మీదే.

ఆమెకు పని ఇచ్చిన గుత్తేదారు సంస్థ కొత్త నియమం పెట్టింది. హాజరు పుస్తకం తీసేసి ఫోనులో యాప్ పెట్టారు. కార్మికులు తెల్లవారుజామున ఐదుకూ ఐదున్నరకూ మధ్య, చెప్పిన చోట నిలబడి, సొంత ఫోనుకు ముఖం చూపాలి. ముఖమూ చోటూ రెండూ సరిపోతేనే హాజరు పడుతుంది. నెలలో ఎనిమిది రోజులు పడకపోతే పేరు తీసేస్తారు.

“ఫోటోలొద్దు సార్, పాటలొద్దు,” అన్నది యాదమ్మ. “హాజరు వడాలె. గంతే.”

ఆమె తెచ్చుకున్న డబ్బుకు సరిపోయే ఫోన్లలో మేలైనదని నేను భావించినదాన్ని బల్ల మీద పెట్టాను. ఆమెకు చదువు రాదు. కార్డు చదివి వినిపించాను. ఎడమ గడిలో: రెండు రోజులు నడిచే బ్యాటరీ, పెద్ద తెర, ముఖాన్ని వెంటనే గుర్తుపడుతుంది. కుడి గడిలో: బరువు ఎక్కువ, ఛార్జింగ్ నెమ్మది, రెండేళ్లకు మందగిస్తుంది.

“మొఖం గుర్తువడ్తదని మీరే రాసిన్రా?”

“నేనే పరీక్షించి రాశాను.”

“ఎవరి మొఖం వెట్టి జూసిన్రు?”

“నాదే.”

ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మీ మొఖమైతె ఎర్రగున్నది సారూ. సీకట్ల గూడ దీపం లెక్క వడ్తది.”

నర్సింహ పకపకా నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఫోను ఆమె ముఖానికి ఎదురుగా పట్టాను. ట్యూబ్‌లైటు కింద వెంటనే గుర్తుపట్టింది. ఆమె సంతోషంగా కొనుక్కొని వెళ్లింది.

నా వృత్తి జీవితంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న ఆమె అడిగింది. దానికి జవాబు కూడా ఆమే చెప్పింది. నేను దానిని హాస్యంగా తీసుకున్నాను.

మొదటి రాక, రెండో రాక

వారం దాటాక ఆమె తిరిగి వచ్చింది. “మూడు దినాలు వడ్డది, నాలుగు దినాలు వడలే సార్. వంకర టింకర మొఖం వెట్టినా పడ్తలేదు.”

ఫోను తీసుకున్నాను. గోడకు ఆనించిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి, తెర వెలుతురు సగానికి పెట్టి, ముఖానికి ఎదురుగా పట్టాను. గుర్తుపట్టింది. పదిసార్లు పట్టాను, పదిసార్లూ గుర్తుపట్టింది.

“ఫోనులో లోపం లేదమ్మా. కదలకుండా పట్టుకోవాలి,” అన్నాను.

“గట్లనా,” అని లేచి వెళ్లిపోయింది. ఎదురు చెప్పలేదు. చదువుకున్నవాడు పరీక్షించి చెప్పినప్పుడు లోపం తన చేతిలోనే ఉందని నమ్మడం ఆమెకు అలవాటు. ఆ అలవాటును నేను వాడుకున్నాను. తెలియక వాడుకున్నానని చెప్పుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

మరో పది రోజులకు మళ్లీ వచ్చింది. అప్పటికి నెల మారింది. పాత నెలలో ఏడు రోజులు పోయి, ఒక్క రోజు తేడాతో పేరు నిలబడింది. కొత్త నెలలో మొదటి రెండు రోజులూ పడలేదు. నేను అలవాటుగా కుర్చీ జరిపాను. ఆమె కూర్చోలేదు.

“గీడ పడ్తది సార్. నాకెర్క. గీడ ఊడ్సేదేం లేదు గద.”

అప్పుడు మాత్రమే నేను అడిగాను, ఆమె ఎక్కడ నిలబడుతుందని, అక్కడ వెలుతురు ఎలా ఉంటుందని. మొదటి రోజు అడగవలసిన ప్రశ్న అది.

ఐదు గంటలకు నాంపల్లిలో

మరునాడు తెల్లవారకముందే హిమాయత్‌నగర్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లాను. స్టేషన్ ముందు రోడ్డు మలుపులో పది పదిహేను మంది ఆడవాళ్లు ఫోన్లు ముఖాలకు ఎదురుగా పట్టుకొని నిలబడి ఉన్నారు. యాప్ ఒప్పుకునే చోటు నేల మీద ఒక గది వైశాల్యం కంటే ఎక్కువ లేదు. అక్కడికి దగ్గరలో ఒక దీపస్తంభం ఉన్నది నిజమే. కానీ దానికీ ఈ చోటుకీ మధ్య పెద్ద ప్రకటన బోర్డు ఉంది. బోర్డు నీడ సరిగ్గా ఆడవాళ్ల మీద పడుతోంది. ఆ బోర్డు మీద ఉన్నది ఒక ఫోను ప్రకటన.

యాదమ్మ ఫోను తెర మీద ఎర్రటి వలయం. ‘ముఖం కనిపించడం లేదు’ అన్న అక్షరాలు వచ్చి పోతున్నాయి. ఆమె పక్కన శాంతమ్మ అని ఇంకొకామె. ఆమె ముఖం నిండా తెల్లగా పౌడర్ ఉంది.

“నువ్వు గూడ జర రాసుకో అక్కా. నాకు గిట్లనే పడ్తుంది,” అన్నది శాంతమ్మ.

“రోడ్డు ఊడ్వనీకె వచ్చినమా, పెండ్లి సూపులకు వచ్చినమానే?”

“సూపులే అనుకో. గా ఫోను గాడు మనల్ని జూసి ఒప్పుకోవాలె.”

అందరూ నవ్వారు. యాదమ్మ శాంతమ్మ డబ్బాలోంచి పౌడర్ తీసి రాసుకుంది. ఈసారి ఎర్ర వలయం పోయి, కొత్త అక్షరాలు వచ్చాయి. ‘ముఖం సరిపోలలేదు.’ పేరు నమోదు చేసిన నాటి ముఖం పౌడర్ లేని ముఖం. ఆమె కొంగుతో తుడుచుకుంది. శాంతమ్మ తన ఫోను దీపం వేసి పట్టింది. కళ్లు చెదిరి యాదమ్మ రెప్పలు వాల్చింది. యాప్ కళ్లు తెరవమన్నది.

పర్యవేక్షించే మనిషిని వారు జవాను అంటారు. నడివయసువాడు, కఠినుడు కాదు. నేను వెళ్లి నన్ను నేను పరిచయం చేసుకొని, “ఈమె మీ ఎదురుగానే ఉంది గదా, మీరు రాయవచ్చు గదా?” అన్నాను.

“ఉన్నది సార్. నాకు మంచిగ కనవడ్తుంది. పదేండ్ల సంది జూస్తున్న ఆమెను,” అన్నాడు. “గని నేను రాస్తె నడ్వది. నా హాజరు గూడ గిదే జేస్తది. మొన్న నాదే పడలే.”

ఐదున్నర అయింది. యాప్ మూసుకుపోయింది. ఆ రోజు యాదమ్మ రాలేదని సంస్థ లెక్కల్లో పడింది. ఆమె ఫోను బొడ్లో దోపుకొని, చీపురు తీసుకొని, తన భాగం రోడ్డంతా చివరిదాకా ఊడ్చింది. రాలేదన్న రోజు ఎందుకు ఊడ్చావని అడిగాను. “ఊడ్వకుంటె రేపు గదొక మాటైతది సార్,” అన్నది.

ఆరు ఫోన్లు

ఎందుకిలా జరుగుతున్నదో నాకు ఆ ఉదయమే అర్థమైంది. ముందు కెమెరాలో అద్దం చిన్నది, వెలుతురును పట్టే ముక్క అంతకన్నా చిన్నది. మా గదిలో ట్యూబ్‌లైటు ఆ కోతను కప్పేసింది. నా ముఖం రంగు దానిని ఇంకా కప్పింది. తెల్లటి గోడ మిగిలినది కప్పింది. నేను ఎంతో శ్రద్ధగా అమర్చుకున్న గది మొత్తం తయారీదారుడి పక్షాన నిలబడి సాక్ష్యం చెప్పింది.

ఆమె కొనగలిగిన ధరలో మా దుకాణంలో ఆరు రకాల ఫోన్లు ఉన్నాయి. వారం రోజులు ఆ ఆరింటినీ సంచిలో వేసుకొని తెల్లవారుజామున నాంపల్లి వెళ్లాను. ఒక్కొక్కటే యాదమ్మ చేతికి ఇచ్చి చూశాను. నాలుగు ఆమె ముఖాన్ని అసలు చూడలేదు. ఐదోది రోజు విడిచి రోజు చూసింది. ఆరోది వెంటనే గుర్తుపట్టింది. శాంతమ్మ చప్పట్లు కొట్టింది కూడా. కానీ ఆ ఫోనులో స్థలం గుర్తించే భాగం నాసిరకం. యాదమ్మ రోడ్డు మలుపులో నిలబడి ఉంటే, ఆమె రైలు పట్టాలకు అవతల ఉన్నదని అది చూపింది.

“మొఖం దొర్కింది, మనిషి తప్పిపోయింది,” అన్నది యాదమ్మ.

ఆ ధరలో, ఆమె ముఖాన్నీ ఆమె నిలబడిన చోటునూ రెండింటినీ నమ్మే ఫోను లేదు. పదమూడేళ్లుగా నేను రాసిన కార్డుల మొత్తానికి సారాంశం ఆ ఒక్క వాక్యం. రెండింటినీ నమ్మే ఫోను కావాలంటే రెట్టింపు ధర పెట్టాలి.

నా సొంత ఫోను అటువంటిదే. తీసుకోమన్నాను. ఆమె దానిని చేతిలోకి తీసుకొని బరువు చూసి తిరిగి ఇచ్చింది. “గింత ఖరీదుది నా బొడ్ల ఉన్నదంటె రెండో దినం ఉండది సార్. పోతె మీకేం మొఖం జూపియ్యాలె?” అన్నది. నేను రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే, బలవంతం చేసి ఉంటే, ఆమె తీసుకునేదేమో. అప్పుడు నాకు కొంత ఊరట కలిగిన మాట నిజం. నిజాయితీ గురించి ఇంత మాట్లాడే మనిషిని కనుక ఆ మాట కూడా రాస్తున్నాను.

నేను చేసింది నాకు చేతనయిన పని. ఆ సంస్థకు రెండు పేజీల ఉత్తరం రాశాను. ఏ వేళ, ఏ వెలుతురులో, ఏ ఫోను ఎన్నిసార్లు విఫలమయిందో పట్టిక వేశాను. హాజరు తీసుకునే చోటును దీపం కిందికి పది గజాలు జరిపితే చాలునని సూచించాను. రెండు వారాల తర్వాత ఒక్క వాక్యం జవాబు వచ్చింది. తగిన ఫోను సమకూర్చుకోవడం కార్మికుల బాధ్యత అని.

చిన్న సేఠ్

అప్పటికి పెద్ద సేఠ్ మోకాళ్ల నొప్పులతో దుకాణానికి రావడం మానేశాడు. ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు. నన్ను ‘అంకుల్’ అని గౌరవంగానే పిలిచేవాడు. ఆ ఆరు ఫోన్ల కార్డుల కుడి గడిలో కొత్త వాక్యం చేరుస్తానని వెళ్లి చెప్పాను. ‘వెలుతురు లేని చోట మీ ముఖాన్ని గుర్తుపట్టదు.’

అతను కార్డు చదివి, బల్ల మీద బోర్లా పెట్టాడు.

“అంకుల్, సీకట్ల ఫోన్‌కు మొఖం జూపెట్టేటోళ్లు ఎంతమంది ఉంటరు చెప్పున్రి?”

“నాంపల్లి మలుపులోనే పదిహేను మంది ఉన్నారు.”

“వాండ్లు మన కస్టమర్లా?”

“ఒకామె మన కస్టమరే. నేనే అమ్మించాను.”

అతను బోర్లా పెట్టిన కార్డును పక్కకు జరిపాడు. తర్వాత మెల్లగా, “నేను మీకు చెప్దామనే అనుకుంటున్న. కంపెనీలోళ్లే ఇప్పుడు కార్డులు పంపిస్తున్రు, రంగులల్ల. అన్ని దుకాండ్లల్ల గవే. మన చేతిరాతవి ఇగ బంద్ జేద్దాం,” అన్నాడు.

కంపెనీ కార్డు ఒకటి నా చేతికిచ్చాడు. దానికి కుడి గడి లేదు. మధ్యలో గీత కూడా లేదు.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. అతనితో నేను వాదించలేదు. వాదించడానికి నా దగ్గర బలం లేకపోయింది. ఆ కుడి గడిని అంతకాలం నిజమని చెప్పుకున్నది నేను. అసలైన కోతను ఎడమ గడిలో మంచిగా రాసి అమ్మించినదీ నేనే. రంగుల కార్డు అబద్ధమని నేను ఎవరి ముందు నిలబడి అనగలను? నిజాయితీగా చేసిన పరీక్ష కూడా తప్పు చెప్పగలదు. నిజాయితీ ఉంది కనుక దానిని ఎవరూ అనుమానించరు. హాని ఇంకా ఎక్కువ. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఇది నేర్చుకునేసరికి నాకు పదవీ విరమణ వయసు దాటింది.

మీరు ఈ పనిలోకి వచ్చి తీరుతామంటే, గదిలోంచి బయటికి వెళ్లండి. కొనేవారిని వారి ఫోను ఎక్కడ, ఏ వేళ, ఏ చేత్తో పట్టుకుంటారో అడగండి. ఇలా చేస్తే చవక ఫోన్లు మేలవుతాయని నేను చెప్పలేను. కోత ఉంటూనే ఉంటుంది. ఎవరి మీద పడుతుందో మీకు ముందుగా తెలుస్తుంది, అంతే. తెలిసిన తర్వాత ఏం చేయాలో నాకు తెలియలేదు.

చివరిసారి

సంస్థ జవాబు వచ్చిన వారానికే యాదమ్మ పేరు తీసేశారు. తొమ్మిది రోజులు రాలేదని రాశారట. ఆ తొమ్మిది రోజులూ ఆమె ఊడ్చిందని జవానుకు తెలుసు. నాకూ తెలుసు. ఆమె భాగం రోడ్డు ఇప్పుడు ఎవరో కొత్తామె ఊడుస్తోంది.

నా ఉద్యోగం చివరి నెలలో ఒక మధ్యాహ్నం నర్సింహ మళ్లీ ఆమెను పైకి తీసుకువచ్చాడు. అప్పటికి నా బల్ల మీద ఫోన్లు లేవు. గదిలో కంపెనీల అట్టపెట్టెలు పేర్చుతున్నారు. కుర్చీ మాత్రం గోడ దగ్గరే ఉంది. ఫోను తిరిగి ఇచ్చేయడానికి వచ్చిందనుకున్నాను. ఏం చెప్పాలో మనసులో సిద్ధం చేసుకున్నాను.

“వాపస్ కాదు సార్,” అన్నది. “దీన్ల ఆ హాజరు యాప్ తీసెయ్యున్రి. నాకు తీసుడు తెల్వది. పొద్దుగాల ఐదుకు మోగుతది. హాజరు వేసుకోమంటది. ఆయినకు నడుమునొప్పికి నిద్రే పట్టది, గప్పుడే జర కన్ను మూస్తడు. గప్పుడే మోగుతది.”

ఇప్పుడేం చేస్తున్నావని అడిగాను. హిమాయత్‌నగర్‌లో ఒక మెస్సులో గిన్నెలు తోముతున్నానన్నది. “సగం గూడ రాదు. గని గాడ మొఖం అడ్గరు,” అన్నది.

ఫోను అందుకొని, తాళం తీయమని ఆమె ముఖం వైపు చాచాను. ఆమె కుర్చీలో కూర్చోలేదు. ట్యూబ్‌లైటు కింద నిలబడి, జుట్టు వెనక్కి తోసుకొని, ఫోను వైపు చూసింది. మొదటి చూపుకే గుర్తుపట్టి తెరుచుకుంది.

“సూడున్రి,” అన్నది యాదమ్మ. “ఇప్పుడు ఎర్కపట్టింది.”

నేను యాప్ తీసేసి ఫోను ఆమె చేతికిచ్చాను. ఆమె దానిని కొంగుకు తుడిచి బొడ్లో దోపుకొని మెట్లు దిగింది.